కర్ణుడైనా రథం దిగాడు

కురుక్షేత్రంలో పదిహేడో రోజు కర్ణుడి రథచక్రం నేలలో కుంగింది. ఎదురుగా అర్జునుడు, నొగల మీద శల్యుడి సూటిపోటి మాటలు, నెత్తిన రెండు శాపాలు. అయినా అంగరాజు కిందికి దూకి, రెండు చేతులా చక్రం పట్టుకుని లేపబోయాడు. కాస్త ఆగమని అర్జునుణ్ని అడిగాడే తప్ప, క్యాబ్ బుక్ చేసుకోలేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు చేవెళ్ల దారిలో మర్రిచెట్టు కింద నిలబడ్డ మహారథి సంగతి వేరు. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు బయల్దేరాడు. సైకిలు బరువు ఎనిమిది కిలోలు, ఖరీదు మూడు లక్షలు. హ్యాండిల్ మీద కంప్యూటరు, పెడల్లో తొక్కే బలాన్ని కొలిచే పవర్ మీటరు, సీటు కింద వెనకొచ్చే బండిని పసిగట్టే రాడారు, ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ. అన్నీ ఉన్నాయి. వెనక టైర్లో గాలి లేదు.

విద్యకేం కొదవలేదు. జోన్ 2 అంటే ఆయాసం లేకుండా మాట్లాడుతూ తొక్కగలిగే వేగం అని నలుగురికీ చెబుతాడు. మాట్లాడటం ఎలాగూ ఆపడు కనుక ఆ శిక్షణకు లోటేమీ రాలేదు. వానాకాలమంతా హాల్లో సైకిలును కదలకుండా నిలబెట్టే ట్రైనర్ బిగించి, ఎదురుగా ఫ్యాను పెట్టుకుని, ఆల్ప్స్‌లో 21 మలుపుల కొండని తెర మీద చూస్తూ పన్నెండు సార్లు ఎక్కాడు. హాల్లో పల్లేరుకాయలుండవు. ఉంటే ఇల్లాలు ఊడ్పించేస్తుంది. పల్లేరుకాయ అనే వస్తువు ఒకటి సృష్టిలో ఉందని అందుకే ఆయనకు చేవెళ్ల దాకా తెలియలేదు.

కర్ణుడి చావుకు కారణాలు వంద అంటారు. ట్యూబు చావుకు మాత్రం దాదాపు ఎప్పుడూ నాలుగే. ట్యూబు పైవైపు ఒక్క చిల్లు ఉంటే ముల్లో, గాజుపెంకో, పేలిపోయిన లారీ టైరు వదిలిన సన్న ఉక్కుతీగో. పక్కపక్కనే రెండు చిల్లులుంటే, పాము కాటేసినట్టు, గాలి తక్కువై గుంత అంచుకు రిమ్ము ట్యూబును నొక్కేసిందన్నమాట. చిల్లు లోపలివైపు, ఆకుల (స్పోకుల) దిక్కున ఉంటే రిమ్ములో పట్టీ పక్కకు జరిగింది. వాల్వు మొదట్లో చిరిగితే పంపును అడ్డదిడ్డంగా లాగిన పాపం. మన మహారథి ఈ నాలుగింట్లో ఏదీ చూడడు. ఎందుకంటే చూడాలంటే ముందు చక్రం ఊడదీయాలి.

అన్నట్టు ఆ టైరు 28 మిల్లీమీటర్ల వెడల్పుది. డెబ్బై, డెబ్బై అయిదు కిలోల మనిషికి వెనక చక్రంలో గాలి ఒత్తిడి 70-75 పీఎస్ఐ ఉంటే చాలు. ఈయన 110 కొట్టాడు. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకెను ఆజ్ఞ అనుకున్నాడు. గట్టిగా ఉంటే జోరుగా పోతుందని నమ్మకం. మన రోడ్ల మీద అంత గాలి ఉంటే టైరు గరుకును మింగదు, ఎగిరెగిరి పడుతుంది. తొక్కిన బలం ముందుకు పోవడం మానేసి నడుముకు పోతుంది. పోనీ ట్యూబ్‌లెస్ వేయించుకున్నవాళ్లు తెలివైనవాళ్లా అంటే, చిల్లును పూడ్చడానికి లోపల పోసిన పాలలాంటి సీలెంటు మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండి రబ్బరు పొరలా అతుక్కుపోతుందని వాళ్లలో సగం మందికి తెలియదు. ముల్లు గుచ్చుకున్నాక లోపలినుంచి రావాల్సిన పాలు రావు.

మళ్లీ మర్రిచెట్టు కిందికొద్దాం. మహారథి సంచిలో బ్రహ్మాస్త్రం ఉంది. పదహారు గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళిక. ఒక్కటంటే ఒక్కటే. చిల్లున్న ట్యూబులోకే దాన్ని వదిలాడు. టైరు క్షణంలో ఉబ్బింది, గుళిక మంచుగడ్డై వేళ్లకు అంటుకుంది, గాలి వచ్చిన దారినే పోయింది. చేవెళ్ల మండలం వాతావరణానికి పదహారు గ్రాముల విరాళం. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తీ ఒక్కసారే పనిచేసిందని భారతం చదివిన ఎవరికైనా తెలుసు.

అరకిలోమీటరు అవతల వేపచెట్టుకు పాత టైరు వేలాడదీసిన పంక్చర్ షాపు ఉంది. అక్కడిదాకా పెడలుకు బిగుసుకునే క్లీట్లున్న బూట్లతో టకటకమంటూ బాతులా నడిచాడు. షాపాయన కంప్రెసర్ ముక్కు పట్టుకొచ్చి చూశాడు. "సార్, ఇది దీనికి పడదు" అన్నాడు. పడదు మరి, ఇది ప్రెస్టా వాల్వు. సన్నగా, పొడుగ్గా, కొసన చిన్న మర ఉంటుంది. ఆ మర విప్పి ఒకసారి వేలితో నొక్కితేనే గాలి తీసుకుంటుంది. మోటార్ సైకిలు పంపుకు అది అతకాలంటే చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క కావాలి. ధర ప్లేటు ఇడ్లీ అంత. మూడు లక్షల సైకిలుకు అది కొనలేదు. బదులుగా మర విప్పకుండానే బలంగా నొక్కాడు, సన్నటి పుల్ల వంగింది. అప్పుడు షాపాయన వైపు తిరిగి, "మీ దగ్గర సరైన ఎక్విప్‌మెంట్ లేదయ్యా" అన్నాడు.

ఇంతకీ ఆ పని ఎంతసేపు? వెనక చిన్న పళ్లచక్రం మీదికి చైను దింపి, లివరు తిప్పితే చక్రం చేతికొస్తుంది. రెండు ప్లాస్టిక్ లివర్లతో టైరు ఒక పక్క అంచు లేపాలి. ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూసి, టైర్లో సరిగ్గా అదే చోట వెతకాలి. టైరు మీది కంపెనీ పేరు వాల్వు దగ్గరికి వచ్చేలా ముందే బిగించుకోవడం అందుకే, ఫొటో కోసం కాదు. లోపలివైపు దూది ముక్కతో తుడిస్తే ముల్లున్నచోట పోగు చిక్కుకుంటుంది. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేసేవాడికి రెండో పంక్చర్ పది నిమిషాల్లో ఖాయం. కొత్త ట్యూబులో ముందు నోటితో ఊదినంత గాలి పెట్టి కూర్చోబెట్టాలి, లేకపోతే మడతపడుతుంది. టైరు అంచును వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరి జానెడు బొటనవేళ్లతోనే తొయ్యాలి. అక్కడ లివరు పెట్టినవాడు తన ట్యూబుకు తానే చిల్లు పెట్టుకున్నట్టు. ప్యాచ్ వేసేవాడు గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఓపిక పట్టాలి. తడిమీద అంటించిన ప్యాచ్ పెళ్లిపందిట్లో ఇచ్చిన మాటలాంటిది. చేయి తిరిగినవాడికి మొత్తం పది నిమిషాలు. రానివాడికి అరగంట.

1913 టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో యూజెన్ క్రిస్టోఫ్ అనే ఆయన సైకిలు ఫోర్కు తూర్మలే కొండ మీద విరిగింది. సాయం తీసుకోకూడదని నియమం. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింది ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తానే సుత్తి పట్టి అతికించుకున్నాడు. తిత్తి ఊదడానికి ఒక కుర్రాడు చెయ్యి వేశాడని అధికారులు ఆయన మీద జరిమానా నిమిషాలు వేశారు. మన మహారథి ఆ టూర్ పేరున్న జెర్సీ వేసుకున్నాడు.

సరే, ముల్లు సర్కారు తుమ్మది, పల్లేరుది. దేవుడి తప్పు. గాజుపెంకులు ఎవరి తప్పు? తెల్లగీత అవతల సైకిలుకు మిగిలింది అడుగున్నర అంచు. దాని మీదే టిప్పర్ల నుంచి జారిన కంకర, దాని మీదే శనివారం రాత్రి ఫామ్‌హౌస్‌ల నుంచి తిరిగొచ్చే కార్లు అద్దం దించి విసిరిన బీరు సీసాలు. తాగినవాడికి చెత్తబుట్ట కనబడదు, తెల్లవారుజామున సైకిలూ కనబడదు. గుద్ది చంపితే మొదట అడిగేది చచ్చినవాడినే: హెల్మెట్ ఉందా, వెనక లైటుందా, ఆ టైములో రోడ్డు మీద ఏం పని? పని ఉంది. పాలక్యాన్లు కట్టుకున్నవాడికి పని ఉంది, పేపర్లు వేసే పిల్లాడికి పని ఉంది, నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్‌కు ఇల్లు చేరే పని ఉంది. వాళ్లకు రాడారు లేదు, మెరిసే జెర్సీ లేదు, చచ్చిపోతే కొవ్వొత్తులు పట్టుకునే గ్రూపూ లేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ వేశారు. వేశారు, బాగుంది. పాలవాడి ఇల్లు దాని మీద లేదు. కనీసం ఈ అంచును వారానికోసారి ఊడ్పించడానికి ఏ టెండరు అడ్డొచ్చిందయ్యా?

ఇంతలో క్యాబ్ వచ్చింది. డిక్కీ తెరిచారు, సైకిలు పట్టలేదు. నిలువుగా పెట్టారు, అడ్డంగా పెట్టారు, హ్యాండిల్ తిప్పి పెట్టారు. మహారథి పెద్ద బండి బుక్ చేస్తానని ఫోన్ తీశాడు. డ్రైవర్ ఒకసారి వంగి చూశాడు.

"అన్నా, ఈ లివరు తిప్పితే చక్రం ఊడొస్తది కదా?"

తిప్పాడు, వచ్చింది. డిక్కీలో పెట్టబోతూ టైరు మీద చెయ్యి రాసి, గోళ్లతో ఏదో లాగి, అరచేతిలో పెట్టి చూపించాడు.

"దీనికేనా అన్నా?"