ఎన్‌కోర్ గారికి విజయనగరం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎన్‌కోర్ గారి సముఖానికి,

విజయనగరం గంటస్తంభం దగ్గర నివాసి, బతుకు తెరువుకు ఎరువుల దుకాణం గుమాస్తా, బుద్ధి తెలిసిన నాటి నుంచి రాక్ సంగీతాభిమాని అయిన ఒకడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, నా అరచేతులు తప్ప.

ఈ ఉత్తరం నలుగురి కంటా పడుతుంది కనుక ముందు మీ పరిచయం చేయాలి. పెద్ద స్టేడియంలో విదేశీ బృందం గంటన్నర పాడుతుంది. గాయకుడు చెమట తుడుచుకుని, మీరంటే మాకు ప్రాణం అని చెప్పి, చేతులూపి లోపలికి వెళ్లిపోతాడు. దీపాలు ఆరిపోతాయి. జనం గొంతులు చించుకుంటారు. కాసేపటికి, ఆ అభిమానం తట్టుకోలేకపోయినట్టు ముఖం పెట్టి, బృందమంతా తిరిగి వచ్చి మరో మూడు నాలుగు పాటలు పాడుతుంది. ఆ వెళ్లడం, ఆ రావడం, మధ్యలో మాచేత చాకిరీ చేయించుకోవడం అన్నీ కలిసి మీరు.

ఆ రాత్రి బృందం మీద నాకు ఫిర్యాదు లేదు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై దాకా కూర్చుని వెళ్లినందుకు నడుము కూడా ఫిర్యాదు చేయలేదు. గేటు దగ్గర నీళ్ల సీసా మూత లాక్కున్నారు, పోనీ అన్నాను. మా వరస నుంచి గాయకుడు కనిపించడు, తెర మీద అతని బొమ్మ కనిపిస్తుంది, అదీ సరే అన్నాను. మొదటి డ్రమ్ము దెబ్బ పక్కటెముకల్లో మోగేసరికి ఇవేవీ గుర్తులేవు. పదిహేనేళ్ల వయసులో అరిగిపోయిన క్యాసెట్‌లో విన్న గిటారు ముక్క కళ్ల ముందు పుడుతుంటే, పక్కన నిలబడిన ముక్కూ ముఖం తెలియని మనిషి భుజం మీద చేయి వేసి పాడాను. అతనూ పాడాడు. ఇద్దరికీ సగం మాటలు రావు. ఆ గంటన్నర నా ఆస్తి, దాని జోలికి రాకండి.

ఆ తరువాతే మీరు వచ్చారు. వీడ్కోలు విని నిజంగానే నా గొంతు పూడుకుపోయింది. పక్కనున్న ముంబై కుర్రాడు మాత్రం చెక్కుచెదరలేదు. ఫోను తీసి, మొన్న మరో నగరంలో వీళ్లు పాడిన పాటల జాబితా చూపించాడు. "ఇంకా నాలుగున్నాయి అంకుల్, గొంతు దాచుకోండి" అన్నాడు. అప్పుడు కళ్లు తెరిచి చుట్టూ చూశాను. కచేరీ నిజంగా అయిపోతే స్టేడియం దీపాలు ఎందుకు వెలగలేదు? చీకట్లో చిన్న టార్చి పట్టుకుని వేదిక మీద ఒకాయన గిటారు శ్రుతి చేస్తున్నాడు, ఎవరి కోసం? డ్రమ్ములాయన కుర్చీ పక్కన కొత్త తువ్వాలు ఎవరు పెట్టారు? అన్నిటినీ మించి, నాలుగో పాటలో మా నెత్తిన రంగు కాగితాలు కురిపించిన ఆ గొట్టాలను మధ్యాహ్నమే నింపి ఉంచింది ఎవరు? ఆపుకోలేని అభిమానానికి పొంగి వచ్చిన బృందమైతే, కాగితాలు కూడా అప్పటికప్పుడు పొంగి వచ్చాయా?

మా వైపు కొత్త అల్లుడు పండక్కి వచ్చి అలుగుతాడు. ఆయన కోసం కొన్న వాచీ అప్పటికే బీరువాలో ఉంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసునని మామగారికీ తెలుసు. అయినా బతిమాలడం జరగాలి. మీరు అదే అలక, కాకపోతే మామగారి స్థానంలో యాభై వేల మందిమి ఉన్నాం, వాచీకి డబ్బు ముందే కట్టాం.

మా ఊరివాళ్లకు ఇలాంటివి కొత్త అనుకోకండి. మళ్లీ మళ్లీ పాడించుకోవడంలో మా జిల్లాలు మీకు తాతలు. పద్యనాటకం ఆడే రాత్రి కృష్ణ వేషధారి రాగం లాగి లాగి దించాడంటే, వెనక చాప మీద కూర్చున్న రైతు "వన్స్ మోర్" అని కేక వేస్తాడు. ఆ కేక ఏ జాబితాలోనూ ఉండదు. హార్మోనియం మాస్టారు నవ్వుకుంటూ మళ్లీ శ్రుతి అందుకుంటాడు. రాయబారం ఆగిపోతుంది, యుద్ధం ఆగిపోతుంది, దుర్యోధనుడు కిరీటం సర్దుకుంటూ ఎదురు చూస్తాడు. ఒకరు వేదికెక్కి నోటు పిన్నుతో గుచ్చుతారు, నూటపదహార్లు చదివించినవారి పేరు మైకులో వినిపిస్తుంది. పాత్ర చచ్చిపోయాక వన్స్ మోర్ పడితే శవం లేచి పద్యం పాడి మళ్లీ పడుకుందని పెద్దలు చెబుతారు. అది ఔచిత్యమా అని విమర్శకులు అడుగుతారు. నాకు తెలియదు కానీ, ఆ శవం నిజాయితీగా లేచింది. పద్యం బాగోకపోతే కేక పడదు, నటుడు నోరు మూసుకుని తరువాతి రంగంలోకి వెళ్తాడు. మీ దగ్గర ఆ భయం ఉందా? మేము ఆవులిస్తూ కూర్చున్నా ఆ నాలుగు పాటలు వచ్చే తీరుతాయి కదా?

ముగించడం కూడా మేము ఎరుగుదుం. 1919లో మా ఊళ్లో సంగీత కళాశాల వెలిసింది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ఆ ఊరి కచేరీలో చివర తుక్కడాలు, అంటే చిన్న చిన్న తేలికపాటి పాటలు, వినాలనుకుంటే చీటీ రాసి పంపుతారు. విద్వాంసుడికి బుద్ధి పుడితే పాడతాడు, లేకపోతే చీటీ మడిచి పెట్టుకుంటాడు. మంగళం పాడాక మాత్రం ఎవరూ ఏమీ అడగరు, చెప్పులు వెతుక్కుంటారు. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడండి. లక్షల జనం, టికెట్టు లేదు, చేతికి కట్టే కాంతి పట్టీలు లేవు. పూజారి పొడవాటి మాను కొసన కూర్చుంటే అది గుడికీ కోటకూ మధ్య ముమ్మారు తిరుగుతుంది. నాలుగో విడత ఉందేమోనని అమ్మవారు మమ్మల్ని ఎప్పుడూ ఊరించలేదు.

మీ సొంత వంశంలోనూ మర్యాదస్తులు ఉన్నారు. బీటిల్స్ 1966 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో తమ చివరి టికెట్టు కచేరీలో పదకొండు పాటలు పాడి వెళ్లిపోయారు, మిమ్మల్ని పిలవలేదు. ఎల్విస్ ప్రెస్లీ కచేరీ అయ్యాక, ఆయన భవనం విడిచి వెళ్లిపోయారని మైకులో చెప్పేసేవారు. జనం నిట్టూర్చి ఇంటికి వెళ్లేవారు. మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా నాటకశాలలోనైతే దశాబ్దాల పాటు మీకు ప్రవేశమే లేదు. 2007లో హువాన్ డియేగో ఫ్లోరెస్ అనే గాయకుడు అక్కడ ఒక పాటను రెండోసారి పాడితే అది ప్రపంచ వార్త అయింది. అడిగితే ఇచ్చినది కనుకనే వార్త అయింది.

పైగా మన దేశంలో మీ వేషానికి టైమూ లేదు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. ఆరుబయట రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకరు కూడదు, ప్రత్యేక సడలింపు ఉంటే తప్ప. అంటే మీ వీడ్కోలు, మా ఏడుపు, మీ పునరాగమనం, రంగు కాగితాలు అన్నీ గడియారం చూసుకుని ముందే లెక్క కట్టినవి. చీకట్లో మేము అరిచిన ఆ నిమిషాల్లో ఇంకో పాట పట్టేది. నా ముందు వరసలో ఇద్దరు ఆడపిల్లలు, మీ వీడ్కోలు నమ్మి, ఆఖరి లోకల్ రైలు అందుకోవాలని పరుగెత్తారు. వాళ్లు ఏ పాట కోసం వచ్చారో వాళ్ల చొక్కాల మీదే అచ్చు వేసి ఉంది. ఆ పాట మీరు ఆఖరున పాడారు. వాళ్లు దాన్ని రోడ్డు మీద విని ఉంటారు.

కనుక విన్నపం ఏమిటంటే, మీ పేరు మార్చుకోండి. మా సినిమా హాళ్లలో తెర మీద "విశ్రాంతి" అని వేస్తారు, దీపాలు వేస్తారు, సమోసాలు అమ్ముతారు, ఎవరూ ఎవరికీ వీడ్కోలు చెప్పరు. మీరూ అలాగే చేయండి. గాయకుడు మంచినీళ్లు తాగి వస్తానని చెప్పి వెళ్తే మాకేమీ చిన్నతనం కాదు, మేమూ తాగుతాం. అది కుదరదంటే, జాబితాలో లేని పాట ఒక్కటి దాచి ఉంచండి. మేము అడిగితేనే, గట్టిగా అడిగితేనే పాడండి. అడగకపోతే మానేయండి.

ఇట్లు,
చేతులు వాచిన మీ అభిమాని.

తా.క.: అదే బృందం మళ్లీ వస్తోందని వినికిడి. కోణార్క్‌లో కింది బెర్తు కోసం మా బావమరిదికి ఇప్పుడే చెప్పి ఉంచాను. టికెట్టు కొంటాను, పాటలు పాడతాను. చప్పట్ల సంగతి మాత్రం మీరు మారారో లేదో చూశాకే.