ఆరు దాటితే అన్నం విషమా?

"సాయంత్రం 6 దాటాక తిన్న అన్నం విషం" అన్న మెసేజ్ మా చుట్టాల గ్రూపులో ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. పొద్దు గూకగానే జీర్ణశక్తి ఆగిపోతుందట. మన పెద్దలంతా వెలుగుండగానే తినేసేవారట. తెల్లవాళ్ళు ఆరింటికే తింటారు కాబట్టి వాళ్ళకు జబ్బుల్లేవట. షుగరున్నవాళ్ళయితే ఆరు తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదట.

తెల్లవాళ్ళ సంగతి తొందరగా తేల్చేద్దాం. స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదికో పదికో. ఆ దేశం 1940లో గడియారాన్ని గంట ముందుకు జరిపి మళ్ళీ వెనక్కి తేలేదు. వేసవిలో దాని రాజధాని మాడ్రిడ్‌లో పొద్దు నడిమింటికి వచ్చేసరికి గడియారంలో 2 దాటుతుంది. అంటే అక్కడి గడియారంలో అంకె పొద్దుకు సరిపోదు.

ఇక పొద్దు. డిసెంబరులో దేశానికి తూర్పు కొసనున్న ఇటానగర్‌లో నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది, పడమటి కొసనున్న ద్వారకలో ఆరు దాటినా వెలుగుంటుంది. రెండుచోట్లా గడియారం ఒకటే. అస్సాం టీ తోటల్లో 'బాగాన్ టైమ్' అని గంట ముందుకు పెట్టుకున్నది అందుకే. మా పిన్ని కొడుకు ఉండే లండన్‌లో జూన్‌లో తొమ్మిది దాటాక, డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. వాడు చలికాలం మధ్యాహ్నం మూడున్నరకే రాత్రి అన్నం తినేయాలా?

పెద్దలంటారా, మా నాయనమ్మ సందెవేళ కంచం ముట్టనిచ్చేది కాదు. ఎండాకాలం తెల్లారకముందే పొలానికి పోయి, గట్టు మీదే సద్ది తిని, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరేవాళ్ళు. సాయంత్రం పశువులను కట్టేసి, పాలు పితికి, దీపం పెట్టాకే మాపటి అన్నం. జైనులు చీకటి పడ్డాక తినరు, నిజమే. అది వాళ్ళ అహింసా వ్రతం. వాళ్ళు చూసేది కూడా సూర్యుణ్ణే, ఆరు అంకెను కాదు.

నాకు కోపం తెప్పించింది షుగర్ మాట. మా అమ్మకు పదేళ్ళుగా షుగర్, రాత్రి అన్నానికి ముందు మాత్ర. పోయిన నెల ఈ మెసేజ్ చదివి, ఆరింటికి గుప్పెడు ఉప్మా తిని, ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకు మాత్ర వేసుకుని పడుకుంది. రాత్రి రెండింటికి మూలుగు వినబడి వెళ్ళి చూస్తే జాకెట్టు చెమటతో తడిసి ఉంది, చేతులు వణుకుతున్నాయి, నన్ను పేరు పెట్టి పిలవలేకపోతోంది. షుగర్ చూసే మిషన్‌లో 48, బాగా పడిపోయింది. చక్కెర నీళ్ళు చెంచాతో కొద్దికొద్దిగా పోస్తుంటే సగం గడ్డం మీదుగా కారిపోయాయి. అమ్మ వేసుకునే రకం మాత్రలు కడుపులో అన్నం పడినా పడకపోయినా ఇన్సులిన్‌ను బయటికి నెడతాయి. షుగర్ పడిపోతే స్పృహ పోతుంది, ప్రాణమూ పోవచ్చు. "అందరికీ పంపండి, పుణ్యం" అని రాసినవాళ్ళకు ఆ రాత్రి మా అమ్మ ముఖం చూపించాలి. ఇదేం పుణ్యం?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. పొద్దుటితో పోలిస్తే రాత్రిపూట ఒంట్లో షుగర్ అదుపు తక్కువే. పదకొండింటికి బిర్యానీ తిని పడుకోవడం మంచిది కాదు. మా ఇంట్లో ఆలస్యానికి కారణం నేనే. పదింటికి నేనొచ్చేదాకా అమ్మ తినకుండా కూర్చునేది. ఇప్పుడు డాక్టరుతో మాట్లాడి మాత్ర, అన్నం రెండూ ఏడున్నరకు జరిపాం. నా కోసం ఆగడం లేదు.

అత్తయ్యా, బాబాయ్, ఆ మెసేజ్ గ్రూపులోంచి తీసేయండి. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే వాళ్ళింట్లో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళున్నారేమో ఫోన్ చేసి కనుక్కోండి.