తెల్లదోమల తరఫున ఒక ధన్యవాద తీర్మానం

పురుగులు రాకుండా కూరగాయ మడుల మీద కప్పిన వలకు నాచు పట్టిందని కంటబడగానే ప్రెషర్ వాషర్ బయటికి తీసే తోటమాలులందరికీ తెల్లదోమ, పేనుబంక, తామరపురుగు, లద్దెపురుగుల సంయుక్త సమాఖ్య హృదయపూర్వక ధన్యవాదాలు తెలుపుకుంటోంది. సమాఖ్యకు రాయడం రాదు కనుక ఆ భారం ఈ కాలమ్ మీద పడింది.

తీర్మానానికి ప్రాతిపదిక ఏమిటో ముందు సభ ముందుంచాలి. 50 మెష్ వల అంటే అంగుళానికి 50 పోగులు, కన్ను సుమారు 0.3 మిల్లీమీటర్లు. తెల్లదోమ ఎంత ముడుచుకున్నా అందులో పట్టదు. తామరపురుగు మరీ సన్నం, ఆ కన్ను కూడా దాన్ని పూర్తిగా ఆపలేదు. సీతాకోకచిలుకను ఆపడానికి 7 మిల్లీమీటర్ల కన్నే చాలు. సభ్యుల భవిష్యత్తంతా ఆ కన్ను ఉన్నంతలో ఉంటుందా, పెద్దదవుతుందా అన్నదాని మీదే ఆధారపడి ఉంది.

ఈ వ్యవహారంలో నాచు మాకు మిత్రపక్షమేమీ కాదు. అది వలను తినదు, కొరకదు. తడి, వెలుతురు, కాస్త దుమ్ము దొరికిన చోటల్లా కూర్చుంటుంది, అంతే. పైగా ఉన్న కన్నును ఇంకా పూడుస్తుంది. దాంతో మొక్కకు వెలుతురు తగ్గుతుంది, గాలి ఆడదు, వాన నీరు లోపలికి దిగకుండా వల మీదే గుంటకట్టి నిలుస్తుంది, లోపలి తేమకు ఆకుల మీద బూజు తెగుళ్లు బయలుదేరతాయి. కాబట్టి నాచును తీసేయాల్సిందే. దాన్ని తీసే ఉత్సాహంలో వలను కూడా తీసేయడమే మాకు నచ్చిన సంగతి.

ప్రెషర్ వాషర్ వీరులకు ప్రథమ తాంబూలం. పురుగుల నెట్‌లో చాలా రకాలు నేసినవి. నిలువు పోగు, అడ్డపోగు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయే తప్ప ముడి ఉండదు. జానెడు దూరం నుంచి నీటిధార కొడితే నాలుగైదు పోగులు పక్కకి జరుగుతాయి. వల మిలమిలలాడుతుంది. దాన్ని ఆకాశం వైపు ఎత్తి చూస్తే చదరపు కన్నుల నడుమ అక్కడక్కడా గోరంత పొడవున సన్నని చీలికలు కనిపిస్తాయి. అవే మా ద్వారబంధాలు. అయితే ఎత్తి చూసేవాళ్లు తక్కువ, అది మా అదృష్టం. అల్లిన షేడ్ నెట్ ఈ దెబ్బకు కొంత తట్టుకుంటుందని సభ విచారంతో గమనించింది.

బ్లీచ్ వాడేవారి సేవ కాస్త నిదానంగా ఫలిస్తుంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కకుండా అందులో కలిపే రక్షక పదార్థాలకు క్లోరిన్ పడదు. ఇవాళ నానబెడితే వల ఇవాళ చిరగదు. కొన్ని నెలల తర్వాత ఓ గాలికి చిరిగినప్పుడు అందరూ నెట్ నాణ్యతనే తిడతారు, బ్లీచ్ పేరెత్తేవారుండరు. సరిపోలేదని అందులో వెనిగర్ కూడా పోసేవారికి మాత్రం ఒక మనవి: ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, దాని ముందు మీరూ మేమూ సమానమే. మైలుతుత్తం చల్లేవారు కూడా ఉన్నారు. నాచు చస్తుంది, నిజమే. అందులోని రాగి మాత్రం మట్టిలోనే ఉండిపోయి వానపాముల పని పడుతుంది. వైరు బ్రష్షు, మరిగే నీళ్లు, వాషింగ్ మెషిన్‌లో గిరగిరా స్పిన్ అనే మూడు శాఖలకూ విడిగా ప్రశంసాపత్రాలు పంపుతున్నాం. చదరపు మీటరుకు 17 గ్రాములుండే పల్చటి క్రాప్ కవర్ గుడ్డ అయితే ఆ మెషిన్‌లోంచి పీలికలుగానే బయటికొస్తుంది.

ఇక అభిశంసన. ఒక వర్గం మనుషులు ఏ హడావిడీ లేకుండా మా పొట్ట కొడుతున్నారు. వీళ్లు తడి నాచు జోలికే పోరు. వలను విప్పి, బాగా ఎండేదాకా పరుస్తారు. తడిగా ఉన్నప్పుడు పోగుకు పూసుకుపోయే నాచు ఎండితే రేకులుగా లేస్తుంది. దులిపి, మెత్తటి బ్రష్షుతో పోగు వాటంగా రెండుసార్లు లాగితే చాలావరకు నీళ్లు ముట్టకముందే రాలిపోతుంది. మిగిలినదానికి 20 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో రెండు టీస్పూన్ల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి రాత్రంతా నానబెడతారు. మరీ మొండిదైతే లిక్విడ్ బదులు 10 లీటర్లకు 50 గ్రాముల సోడియం పెర్కార్బొనేట్ (బట్టల మరకలు తీసే పొడి), నీళ్లు 40 డిగ్రీలు, కొన్ని గంటలు. (మూత బిగించరు, అది ఆక్సిజన్ వదులుతుంది. ఆ నీళ్లు మొక్కలకూ పోయరు, అందులో చాకలి సోడా ఉంటుంది.) తర్వాత చేత్తో నొక్కుతారు తప్ప పిండరు. మామూలు నీళ్ల పైపుతో లోపలి వైపు నుంచి బయటికి కడుగుతారు, ఎందుకంటే నాచు దట్టంగా ఉండేది పైముఖాన.

అన్నిటికంటే దుర్మార్గం, ఎక్కడ ఆపాలో వీళ్లకు తెలియడం. పోగుకు లేత పచ్చ రంగు మిగిలినా పట్టించుకోరు. వెలుగు ప్రతి కన్నులోంచీ వస్తోందా లేదా, అదొక్కటే చూస్తారు. అంచు మడతల్లో మేం దాచుకున్న ప్యూపాలు (రెక్కలొచ్చే ముందు దశ పురుగులు), నత్తగుడ్లు ఏరేస్తారు. చిరుగు కనబడితే నైలాన్ దారంతో కుట్టేస్తారు. తేమ చుక్క లేకుండా ఆరబెట్టి చీకట్లో భద్రపరుస్తారు.

మళ్లీ కప్పేటప్పుడూ అంతే. వంపు పైపుల మీద బిగుతుగా లాగి, ఆకులకు జానెడు ఎడం ఉంచుతారు. ఆకు వలకు తగిలితే బయట వాలిన సీతాకోకచిలుక కన్నులోంచే గుడ్డు పెట్టేస్తుంది, ఆ చిన్న సదుపాయం కూడా మాకు లేకుండా చేస్తారు. నీళ్లు వల మీంచి కాకుండా మొక్కల మొదళ్లలో, అదీ పొద్దున్నే పోస్తారు. పైన రాలిన ఆకులు తీసేస్తారు. పంట అయిపోగానే వల విప్పేస్తారు. ఖాళీ మడి మీద నెలల తరబడి వదిలేసిన వలకే నాచు ఎక్కువ పడుతుందని ఎవరు చెప్పారో ఏమో.

అయినా సభ్యులు అధైర్యపడనక్కర్లేదు. ఇంత శ్రద్ధగా కడిగిన వలను కూడా కొందరు నిరుడు పురుగు పట్టిన మడి మీదే, మళ్లీ అదే పంట మీదే కప్పుతున్నారని తాజా సమాచారం. తామరపురుగు, లద్దెపురుగు ప్యూపా దశ గడిపేది ఆ మట్టిలోనే. రెక్కలొచ్చేసరికి నెత్తిన కొత్తగా కడిగిన కప్పు ఉంటుంది, చుట్టూ లేత ఆకులుంటాయి, మమ్మల్ని తినే అక్షింతల పురుగు వల బయటే ఆగిపోతుంది. వారికి ప్రత్యేక ధన్యవాదాలు తెలుపుతూ సవరణ ప్రతిపాదించగా, తెల్లదోమలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. వాటికి మట్టితో పని లేదు.