మధ్యాహ్న భోజన ఇంటర్న్‌షిప్‌కు ఒక సవరణ ప్రతిపాదన

బడిపిల్లల పోషకాహార విధానంపై అధ్యయనం, ప్రచారం చేయడానికి కళాశాల విద్యార్థులకు వేసవిలో ఇచ్చే రెండు నెలల ఇంటర్న్‌షిప్ మన కాలపు అత్యుత్తమ ఏర్పాట్లలో ఒకటని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. దీని విశిష్టత ఏమిటంటే, ఇది సాధారణంగా బడులకు సెలవులున్న రోజుల్లో జరుగుతుంది. పిల్లలు ఉండరు, పొయ్యి వెలగదు, గిన్నెలు బోర్లించి ఉంటాయి. పరిశోధనకు అడ్డుతగిలే వాస్తవమంటూ ఏదీ ఎదురుపడని ఆ ప్రశాంత వాతావరణంలో విద్యార్థి బడి భోజనం గురించి ఎంతో ఏకాగ్రతతో ఆలోచించగలుగుతాడు.

మొదటి వారమంతా చరిత్ర. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక బడిలో పిల్లలకు తిండి పెట్టిందని, 1995 ఆగస్టు 15న కేంద్రం దేశవ్యాప్త పథకాన్ని ప్రారంభించిందని, ఆ పథకం చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నెలకు మూడు కిలోల ధాన్యం మూటగానే ఉండిపోయిందని అతడు తెలుసుకుంటాడు. బియ్యాన్ని వండితే అన్నమవుతుందని, బడిలో పెట్టవలసింది ఆ అన్నమేనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఎవరూ అపార్థం చేసుకోకుండా కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి కనీసం 200 రోజులు అని కొలతలు కూడా ఇచ్చింది. తరువాత 2013లో ఆహార భద్రతా చట్టం, 2015లో దాని కింద మధ్యాహ్న భోజన నియమావళి వచ్చాయి. ఇదంతా చదివి ముగించిన మన విద్యార్థి, తాను పుట్టకముందే న్యాయస్థానం ఇచ్చేసిన హక్కును తక్షణం కల్పించాలని కోరుతూ రెండో వారంలో సంతకాల సేకరణ మొదలుపెడతాడు.

మూడో వారానికి కంచం బొమ్మ తయారవుతుంది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పెట్టి, వాటి నుంచి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు రాబట్టాలన్నది కేంద్రం నిర్ణయించిన కొలత. ధాన్యం విడిగా వస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు లేదా గ్యాస్ అన్నీ కలిపి ఒక పిల్లవాడికి 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు. బజారులో పైసలు కనుమరుగై చాలాకాలమైనా విధాన పత్రాల్లో అవి ఇంకా భద్రంగా చెలామణి అవుతున్నందుకు సంతోషించాలి. కోడిగుడ్డు ఈ కొలతలో లేదు. పెట్టాలనుకున్న రాష్ట్రం తన డబ్బుతో పెట్టుకోవలసిందే. ఇంటర్న్ గీసిన రంగుల కంచంలో మాత్రం గుడ్డు, ఆకుకూర, చిరుధాన్యం, అరటిపండు, గుప్పెడు పల్లీలు చక్కగా ఇమిడిపోతాయి, ఎందుకంటే పవర్‌పాయింట్‌లో గుడ్డు ధర ఏడాది పొడవునా ఒక్కటే.

విద్యార్థులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారిలో చాలామంది నిజంగానే ఆకలి గురించి బాధపడతారు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు. చెప్పిన పని అదే కావడం వారి నేరం కాదు.

క్షేత్ర పర్యటనకు ఒక రోజు కేటాయిస్తారు. బడి మూసి ఉంటుంది కాబట్టి వంట చేసే ఆమెను ఇంటి నుంచి పిలిపించి, వంటగది తాళం తీయించి, ఖాళీ గిన్నెల పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుంటారు. ఆపైన ప్రశ్నావళి తెరిచి, ఆహార వైవిధ్యంపై ఆమె అవగాహనను ఒకటి నుంచి ఐదు వరకు అంకెల్లో చెప్పమంటారు. ఆమె అంకె చెప్పకుండా, "బిల్లులు ఎప్పుడు పడతాయో మీకేమన్నా తెలుసా సార్?" అని అడుగుతుంది. ప్రశ్నావళిలో ఆ మాటకు గడి లేదు. దాన్ని 'ఇతరములు' అన్న చోట రాసుకుని, నివేదికలో 'భాగస్వాముల్లో సమాచార లోపం' అన్న శీర్షిక కింద చేరుస్తారు.

సమాచార లోపం ఎవరిదన్న చర్చలోకి నేను వెళ్లను. ఆమె పని తీరును పరిశీలించిన మీదట నాకు తోచింది ఒక్కటే: ఈ దేశంలో బడి భోజన విధానంపై అత్యంత దీర్ఘకాలిక ఇంటర్న్ ఆమే. ఇంటర్న్‌షిప్ లక్షణాలన్నీ ఆమె ఉద్యోగంలో ఉన్నాయి. జీతం ఉండదు, గౌరవ వేతనం ఉంటుంది. 2009 డిసెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించి, అందులో కేంద్రం 600, రాష్ట్రం 400 పంచుకునే ఆ మొత్తాన్ని ఏడాదికి పది నెలలే ఇస్తారు. రెండు తెలుగు రాష్ట్రాలు తమ వంతుగా కొంత కలిపి దాన్ని 3,000కు చేర్చి, అంతటితో ఆయాసపడి ఆగాయి. ఇరవై అయిదు మంది పిల్లల వరకు ఒకరు, వందమంది దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ మరొకరు చొప్పున వండాలి. ఆమెను కార్మికురాలిగా లెక్కించరు గనుక కనీస వేతనం ప్రసక్తి రాదు. పని నేర్చుకుంటున్న వారికి వేతనమేమిటన్న సూత్రమే రెండుచోట్లా వర్తిస్తున్నది. తేడా అల్లా, విద్యార్థి రెండు నెలల్లో నేర్చుకుని వెళ్లిపోతాడు, ఆమె మాత్రం పదిహేనేళ్లు దాటినా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నట్టు ప్రభుత్వం భావిస్తున్నది.

ఆమె నేర్చుకున్నవి కూడా తక్కువేమీ కావు. కూరగాయలు, నూనె అప్పుపై తెచ్చి ముందు వండిపెట్టి, బిల్లు వచ్చాక తీర్చడం ద్వారా ప్రభుత్వానికి వడ్డీలేని రుణమిచ్చే విద్య ఆమెకు వచ్చు. ఏ రోజు కూర ఎంత మిగిలిందో చూసి పిల్లల అభిరుచిని అంచనా వేయడం వచ్చు. మూడు రోజులు వరుసగా గానీ నెలలో అయిదు రోజులు గానీ భోజనం పెట్టకపోతే బాధ్యత ఎవరిదో తేల్చాలని 2015 నియమావళి అంటుంది. డబ్బు అందకపోతే బడిలో ఉన్న ఏ నిధినైనా వాడి భోజనం ఆగకుండా చూసే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఉందని కూడా అంటుంది. బడిలో నిధి ఉంటుందన్న ఆ నమ్మకం ఎంత గొప్పదో హెచ్‌ఎంలను అడిగితే తెలుస్తుంది. నిధికి, నియమానికి మధ్య ఉన్న ఖాళీని పచారీ కొట్టు ఖాతా పుస్తకంతో పూడ్చేది ఆమే.

ఇక నా ప్రతిపాదన. ఆమెకు గౌరవ వేతనం రాని రెండు నెలలూ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఉన్న రెండు నెలలూ దాదాపు ఒక్కటే. కాబట్టి వేసవిలో ఆ కుర్చీని, స్టైపెండ్ అంటూ ఉంటే దానితో సహా, ఆమెకు ఇచ్చి, విద్యార్థిని జూన్‌లో బడి తెరిచాక పొయ్యి దగ్గరికి పంపాలి. దీనికి అభ్యంతరాలు ఊహించగలను. ఆమెకు డిగ్రీ లేదు, ల్యాప్‌టాప్ లేదు, సిఫారసు లేఖ రాసే ప్రొఫెసర్ లేడు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు, ఆమె ఇచ్చే నివేదిక ఒక పేజీ దాటదు. పప్పు ధర పెరిగిన నెలలోనే రేటు పెంచండి, బిల్లు ఏ నెలకా నెల వేయండి, కొత్త మెనూతో పాటే డబ్బూ పంపండి అని మూడు వాక్యాల్లో ముగిస్తుంది. నాలుగో వాక్యం రాస్తే, పథకం పేరు మార్చిన ప్రతిసారీ సొట్టలు పోయిన గిన్నెలు కూడా మార్చమంటుంది. 2020లో జగనన్న గోరుముద్ద, 2021లో కేంద్రం వారి పీఎం పోషణ్, 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని లెక్కపెడితే ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వంటగదికీ ఈపాటికి మూడు కొత్త సెట్లు రావాలి. ఇంత కురచ నివేదికతో రెండు రోజుల సదస్సు నడపడం, అందులో మూడు చర్చాగోష్ఠులు పెట్టడం అసాధ్యమని నిర్వాహకులు వాపోతే నేను కాదనలేను.

కుర్చీ మార్పిడి కుదరదంటే కనీసం సర్టిఫికెట్ అయినా ఇవ్వాలి. విద్యార్థికి ఇచ్చే అదే మందపాటి కాగితం, అదే బంగారు రంగు అంచు, 'విధానంపై లోతైన అవగాహన కనబరిచారు' అన్న అదే వాక్యం. ఖజానాపై దీని భారం స్వల్పమే గనుక సూత్రప్రాయంగా ఎవరూ కాదనరని నా విశ్వాసం. కాగితం ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతంగా ఉండాలని, రాష్ట్రం తన వాటా జమచేసి పాత ఖర్చులకు వినియోగ పత్రాలు సమర్పించాకే కేంద్రం తన వాటా విడుదల చేయాలని, అంతవరకు సర్టిఫికెట్లను ఆమే సొంత ఖర్చుతో ముద్రింపించుకుని బిల్లు పెట్టుకోవచ్చని ముసాయిదాలో చేర్చాను.