ఆర్డుయినోతో టీవీ సిగ్నల్ "ఎందుకు" అని అడిగే పరీక్షకులకు

గత నెలలో ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చివరి సంవత్సరం ప్రాజెక్టులు చూడటానికి నన్ను బయటి పరీక్షకుడిగా పిలిచారు. బల్లల నిండా ఆర్డుయినోలే, అంటే ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులే ఉన్నాయి. ఒకటి మట్టిలో తడిని కొలుస్తుంది, ఇంకొకటి గ్యాస్ లీకయితే ఫోనుకు సందేశం పంపుతుంది, ఆ పక్కనున్న మూడూ మళ్లీ తడినే కొలుస్తాయి. ఒక్క జట్టు మాత్రం పాత సామాన్ల కొట్టులో కొన్న 21 అంగుళాల పిక్చర్‌ట్యూబు టీవీని ఆటోలో వేసుకొచ్చి, ఊనో అనే ఆర్డుయినో బోర్డు నుంచి రెండు తీగలను దాని వెనుకనున్న పసుపు రంగు వీడియో సాకెట్‌కు కలిపి, తెర మీద బంతి ఆట ఆడించింది. బంతి అంచు కొద్దిగా వణుకుతోంది. నాతో వచ్చిన పరీక్షకుడు ఒక నిమిషం చూసి, "అమ్మా, మూడు నాలుగు వందలకు రంగుల డిస్‌ప్లే దొరుకుతుంటే ఈ డబ్బా ఎందుకు?" అని అడిగి, ఆ రోజు అందరికంటే తక్కువ మార్కులు వాళ్లకే వేశారు. ఆ బల్ల ముందు నేను చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

మన టీవీలు నడిచిన పాల్ అనే ప్రసార పద్ధతిలో, తెర మీద అడ్డంగా గీసే ఒక లైనుకు 64 మైక్రోసెకన్లు పడుతుంది. అందులో మొదటి 4.7 మైక్రోసెకన్లు సింక్, అంటే కొత్త లైను మొదలుపెట్టమని టీవీకి చెప్పే సంకేతం, ఆపైన 5.7 మైక్రోసెకన్ల విరామం, దాదాపు 52 మైక్రోసెకన్ల బొమ్మ, చివర ఒకటిన్నర మైక్రోసెకన్లకు పైగా మరో చిన్న విరామం. ఊనోలోని ఏటీమెగా 328 చిప్పు 16 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది కాబట్టి ఒక లైనుకు సరిగ్గా 1024 సైకిళ్లు, అంటే చిప్పు గడియారపు టిక్కులు, వస్తాయి. ఇంత అందమైన అంకె దొరకడం మన అదృష్టం తప్ప ఎవరూ ముందుగా ఆలోచించి చేసింది కాదు. సామాను విషయానికి వస్తే, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో చిల్లరకు దొరికే రెండు రెసిస్టర్లు చాలు. సింక్ పిన్నుకు 1000 ఓములు, బొమ్మ పిన్నుకు 470 ఓములు పెడితే, టీవీ లోపలున్న 75 ఓములతో కలిసి అవే వోల్టేజీని పంచుకుంటాయి. రెండు పిన్నులూ సున్నాలో ఉంటే సింక్, మొదటిది మాత్రమే 5 వోల్టులిస్తే దాదాపు 0.3 వోల్టుల నలుపు, రెండూ ఇస్తే 0.95 వోల్టుల తెలుపు. ఓమ్ సూత్రం తెలిసిన ఇంటర్ విద్యార్థి కూడా ఈ లెక్కను కాగితం మీద సరిచూసుకోగలడు.

అసలు పాఠం ఆ వణుకుతున్న అంచులో ఉంది. 21 అంగుళాల తెర వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు. దానిని ఎలక్ట్రాన్ పుంజం 52 మైక్రోసెకన్లలో దాటుతుందంటే, ఒక్క సైకిల్, అంటే 62.5 నానోసెకన్ల తేడా తెర మీద అర మిల్లీమీటరుగా కనిపిస్తుంది. కొత్త లైను వేళయిందని టైమర్ నుంచి ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి ఇటు రమ్మనే పిలుపు, వచ్చినప్పుడు చిప్పు చేతిలోని ఆదేశాన్ని ముగించాకే అటు వెళుతుంది. ఆ ఆదేశం ఒక సైకిల్‌ది కావచ్చు, నాలుగు సైకిళ్లది కావచ్చు, కాబట్టి ఒక్కో లైను ఒక్కో చోట మొదలవుతుంది. దీనిని సరిదిద్దాలంటే ఇంటరప్ట్‌లో అడుగుపెట్టగానే టైమర్ అంకెను చదివి, ఎంత ఆలస్యమైందో చూసి, దానికి తగినన్ని ఖాళీ ఆదేశాలను దాటవేయాలి. వోల్టేజీ మార్పులను గీసి చూపే ఆసిలోస్కోపు లేని విద్యార్థికి నానోసెకన్ల తప్పును కంటికి చూపించే పరికరం, పాత సామాన్లవాడు తూకానికి కొనుక్కుపోయే ఆ టీవీ తప్ప మరేముంది?

ఇంకో చిక్కు నాకు మరీ ఇష్టం. ఆర్డుయినోలో కాలాన్ని లెక్కించేందుకు మరో టైమరు మనకు చెప్పకుండానే 1024 మైక్రోసెకన్లకు ఒకసారి ఇంటరప్ట్ ఇస్తూ ఉంటుంది. అది సరిగ్గా 16 లైన్ల కాలం. అది మన ఇంటరప్ట్‌కు కాస్త ముందు పడిందా, ప్రతి పదహారో లైను సెంటీమీటర్ల లెక్కన కుడికి జరిగిపోతుంది. ప్రోగ్రాం మొదట్లో దీనితో సంబంధమే లేని ఒక వాక్యం చేరిస్తే ఆ రెండింటి మధ్య ఎడం మారి, తప్పు దానంతటదే మాయమైనట్టు కనిపిస్తుంది. కారణం తెలియని వాడు బోర్డును అనుమానిస్తాడు, తీగలను అనుమానిస్తాడు, ఆఖరికి టీవీకి రెండు దెబ్బలు కూడా వేస్తాడు. ఆ టైమరును ఆపేస్తే బొమ్మ బాగుపడుతుంది, కానీ ఇంతసేపు ఆగమని చెప్పే డిలే ఆదేశం పనిచేయదు. ఇక కాలాన్ని ఫ్రేముల, అంటే తెర మీద గీసిన పూర్తి బొమ్మల, లెక్కలోనే కొలుచుకోవాలి.

జ్ఞాపకశక్తి సంగతీ ఇంతే. చిప్పులో ఉన్న ర్యామ్ 2048 బైట్లు. అడ్డంగా 128, నిలువుగా 96 పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మకే 1536 బైట్లు పోతే, ఆటకూ, ప్రోగ్రాం తాత్కాలిక లెక్కలు దాచుకునే స్టాకుకూ, మిగతా అన్నిటికీ కలిపి 512 బైట్లు మిగులుతాయి. ఒక్కో వరుసను రెండుసార్లు గీస్తే ఫ్రేములోని 312 లైన్లలో 192 బొమ్మకే సరి. బంతి ఎటు పోవాలో ఆలోచించడానికి ఫ్రేముకు 120 లైన్ల కాలం దక్కుతుంది. ఈ ఇరుకులో పనిచేసిన యంత్రాలు చరిత్రలో లేకపోలేదు. 1977 నాటి అటారీ 2600 ఆటల యంత్రంలో ఉన్నది 128 బైట్ల ర్యామే. 1980లో వచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ 80 కంప్యూటర్‌లో బొమ్మ గీసే పనీ ప్రాసెసర్‌దే కావడంతో, మీట నొక్కిన ప్రతిసారీ తెర మినుక్కుమనేది. ఆ తరువాతి జెడ్ఎక్స్ 81లో తొందరగా లెక్క కావాలంటే ఆ లెక్క ముగిసేదాకా బొమ్మను వదులుకోవలసి వచ్చేది.

రంగులు కావాలని అడగకండి. పాల్ రంగు సంకేతానికి 4.43361875 మెగాహెర్ట్జ్ కావాలి, అది 16 నుంచి భాగహారంతో రాదు.

"రాస్ప్‌బెర్రీ పై పైకో బోర్డు ఉంది కదా" అనేవారితో నాకు తగాదా లేదు. 2021లో వచ్చిన ఆ బోర్డులో 264 కిలోబైట్ల ర్యామ్ ఉంది, పిన్నులను ప్రాసెసర్‌తో పనిలేకుండా సొంతంగా నడిపే చిన్న యంత్రాలు ఉన్నాయి. అమ్మకానికి వస్తువు తయారుచేయాలంటే నేనూ అదే కొంటాను. ఆర్డుయినోతో టీవీ బొమ్మ గీసేందుకు ఎవరో రాసిపెట్టిన టీవీఅవుట్ అనే కోడ్ లైబ్రరీని దించుకుని, అందులోని ఉదాహరణను ఎక్కించి, అదే తన ప్రాజెక్టు అని నిలబడేవారికి నేను కూడా మార్కులు వేయను. తడి కొలిచే జట్లలో చాలామంది చేసింది అటువంటి పనే, కానీ వాళ్లను "ఎందుకు" అని ఎవరూ అడగలేదన్నది నా ఫిర్యాదు.

ఆ టీవీ జట్టు లైబ్రరీ వాడలేదు. వాళ్లలో ఒకమ్మాయి నాకు చూపించిన నోటుపుస్తకంలో అసెంబ్లీ, అంటే చిప్పు చేసే ఒక్కో పనినీ విడిగా రాసే భాష, ఆదేశాలన్నీ చేత్తో రాసి, ప్రతిదాని పక్కన పెన్సిల్‌తో సైకిళ్ల లెక్క వేసి ఉంది. "మొదట్లో తెల్ల పిక్సెల్‌కు ఒక సైకిల్ ఎక్కువ పట్టేది సార్. తెలుపు ఎక్కువున్న లైన్లు సాగిపోయి స్కోరు వంకరగా వచ్చేది. నల్ల పిక్సెల్ దారిలో ఒక నాప్, అంటే ఖాళీ ఆదేశం, పెట్టాక సరిపోయింది" అంది. మరి బంతి ఎందుకు వణుకుతోందని అడిగితే, "ఇంటరప్ట్ రెండు మూడు సైకిళ్లు అటూ ఇటూ అవుతోంది సార్, అది దిద్దే టైం లేకపోయింది" అని తడుముకోకుండా చెప్పింది. తన తప్పు ఎన్ని నానోసెకన్లదో తెలిసిన విద్యార్థి ఆ రోజు ఆ గదిలో మరొకరు నాకు కనిపించలేదు. మా వాదన తరువాత ఆ జట్టుకు కలిసిన మార్కులు రెండు.

ఇంటికి వచ్చి అదే సర్క్యూట్ కట్టి మా హాల్లోని ఎల్‌సీడీ టీవీకి కలిపితే, సిగ్నల్ లేదని చెప్పి ఊరుకుంది. అసలు పద్ధతిలో ఒక్కో ఫీల్డుకు, అంటే తెరను ఒకసారి పైనుంచి కిందికి గీసే విడతకు, 312.5 లైన్లు ఉండాలి, మనమిచ్చేది 312. పిక్చర్‌ట్యూబు టీవీలు ఆ అర లైనును పట్టించుకోవు, కొత్తవాటిలో కొన్ని ఒప్పుకోవు. అటక మీద 14 అంగుళాల టీవీ ఒకటి ఉంది, వర్టికల్ హోల్డ్ మీట కాస్త తిప్పితే బొమ్మ నిలబడుతుంది. ఈ ఆదివారం దానిని దించాలి.