అన్నీ ఒకే టేబుల్‌లో పోస్తే లెక్క తేలదు

మైక్రోసాఫ్ట్ వాళ్ల రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో పనిచేసేవాళ్ల మధ్య ఒక సలహా జోరుగా తిరుగుతోంది. "టేబుళ్ల మధ్య గీతలు గీసి కలిపే రిలేషన్‌షిప్‌ల జోలికి పోకండి. అన్నిటినీ మెర్జ్ చేసి ఒకే టేబుల్ చేసుకోండి. లెక్క తప్పదు, బ్లాంకులు రావు, రిపోర్టు వేగంగా నడుస్తుంది. గీతలతో కలపక తప్పకపోతే ఫిల్టర్ దిశను 'బోత్' (రెండు వైపులా) అని పెట్టేయండి" అని. ఎక్సెల్‌లో ఒక టేబుల్‌లోని విలువను వెతికి ఇంకోదాంట్లోకి తెచ్చే వీలుకప్ ఫార్ములాతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చినవాళ్లకు ఇది చెవికింపుగానే ఉంటుంది.

"లెక్క తప్పదు" అన్న మాట దగ్గరే మొదలుపెడదాం. నిలువునా తప్పేది అక్కడే. అమ్మకాల టేబుల్‌లో బిల్లుకో వరస ఉంటుంది, టార్గెట్ల టేబుల్‌లో మనిషికి నెలకో వరస. ఒకతని జూన్ టార్గెట్ 500 యూనిట్లు; ఆ నెల 20 బిల్లుల మీద 480 అమ్మాడు. అంటే 96 శాతం. ఇప్పుడు పేరు, నెల చూసి మెర్జ్ చేయండి. ఆ 500 వచ్చి ఇరవై వరసల్లోనూ కూర్చుంటుంది. కూడితే టార్గెట్ 10,000. అతను సాధించింది 4.8 శాతం!

"సమ్ (కూడిక) తీసేసి మ్యాక్స్ (అన్నిట్లో పెద్దది) పెడితే సరి" అంటారు. నేనూ ఒకప్పుడు పెట్టాను. మనిషి పేరు ఎదురుగా సరిగ్గానే కనబడింది. కింద టోటల్‌లో మాత్రం అందరి టార్గెట్ల మొత్తానికి బదులు అందరిలోకీ పెద్ద టార్గెట్ ఒక్కటే వచ్చింది. ఇక ఆ నెల ఒక్క బిల్లూ చేయనివాడి సంగతి చూడండి. అమ్మకాల వైపు నుంచి కలిపితే అతనికి వరసే ఉండదు, టార్గెట్టూ ఉండదు. ఎవరిని నిలదీయాలో వాడే రిపోర్టులో లేడు.

రిలేషన్‌షిప్‌ను వీలుకప్‌కు అన్న అనుకోవడంతోనే ఈ చిక్కంతా. అది ఒక టేబుల్‌ని తెచ్చి ఇంకోదానికి అతికించదు. ఫిల్టర్ వెళ్లడానికి దారి వేస్తుంది, అంతే. తేదీల టేబుల్ ఒకటి, ఉద్యోగుల టేబుల్ ఒకటి పెట్టి, వాటి నుంచి అమ్మకాలకూ టార్గెట్లకూ విడివిడిగా వన్ టు మెనీ (ఇటు ఒక వరసకు అటు ఎన్నో వరసలు) గీతలు గీయండి. జూన్ ఎంచుకుంటే రెండు టేబుళ్లూ వేటికవి జూన్‌కు కుదించుకుంటాయి. దేని కూడిక దానిదే: 480, 500. టార్గెట్‌కు నెల మొదటి తేదీ ఇచ్చుకోవాలి, రోజువారీగా విడగొట్టి చూడకూడదు. జాగ్రత్త పడాల్సింది ఆ ఒక్కటే.

బ్లాంకుల విషయం. అమ్మకాల్లో ఉన్న ప్రొడక్ట్ కోడ్ మాస్టర్‌లో (ప్రొడక్టుల అసలు జాబితాలో) లేకపోతే ఆ అమ్మకాన్ని పవర్ బీఐ ఖాళీ పేరు కింద చూపిస్తుంది. అది జ్వరం లాంటిది. జబ్బు మాస్టర్‌లో ఉంది. అదే రెండు వైపులా దొరికిన వరసలనే ఉంచే ఇన్నర్ జాయిన్‌తో మెర్జ్ చేస్తే ఆ బిల్లులు చడీచప్పుడు లేకుండా పోతాయి. ఏది మేలో మీరే చెప్పండి.

వేగం మాట సగం నిజం. పవర్ బీఐ లోపల డేటాను దాచే వర్టిపాక్ ఇంజిన్ దాన్ని కాలమ్‌ల వారీగా దాస్తుంది, ఒకే విలువ ఎన్నిసార్లు వచ్చినా డిక్షనరీలో ఒక్కసారే రాసుకుంటుంది. కాబట్టి ఊరి పేరు లక్షసార్లు వచ్చినా భయపడినంత బరువేం కాదు. కానీ 5,000 మంది కస్టమర్ల చిరునామాలను 10 లక్షల బిల్లుల పక్కన పరిచే మెర్జ్ పని ప్రతి రిఫ్రెష్‌లోనూ మళ్లీ మొదటికొస్తుంది. కేటగిరీ, సబ్ కేటగిరీ లాంటి చిన్నవాటిని ప్రొడక్ట్ టేబుల్‌లోకి మెర్జ్ చేయడం మాత్రం మంచి పనే. నేనూ చేస్తాను.

ఇక 'బోత్'. అన్ని గీతలకూ రెండు దిక్కులూ తెరిస్తే ఒక టేబుల్ నుంచి ఇంకోదానికి రెండు దారులు ఏర్పడొచ్చు. అప్పుడు ఏ దారిన ఫిల్టర్ వచ్చిందో మీరు చెప్పలేరు, రిపోర్టూ నెమ్మదిస్తుంది. వీలైనంత తక్కువ వాడమని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఏదో ఒక లెక్కకు వెనక్కి ఫిల్టర్ కావాలంటే ఆ ఒక్క మెజర్‌లో (లెక్క ఫార్ములాలో) ఫిల్టర్ దిశను ఆ లెక్క మేరకే మార్చే క్రాస్‌ఫిల్టర్ ఫంక్షన్ రాసుకోండి, మోడల్‌ను కదపకుండా.