మునగడం మీకు పాత జబ్బే కదా

నిమోనియాతో మా పెదనాన్నని అమలాపురంలో ఓ ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజుకి జ్వరం దిగింది. నాలుగు ఇడ్లీలు తిని నర్సమ్మ మీద కేకలేశారు. అంటే కోలుకున్నట్టే. డాక్టరు గారు గుండెలు విని, "ఇంక మాత్రలు చాలు, ఒక్క రోజు కళ్లముందు ఉంచుకుని పంపేద్దాం" అన్నారు. అని, నాలిక కరుచుకున్నారు. "మాత్రలని రాస్తే, మాత్రలకి మంచమెందుకని ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు క్లెయిమే కొట్టేస్తారండీ. ఇంజక్షన్లే ఉండనిద్దాం."

అంటే ఆ సూది పెదనాన్న కోసం కాదు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న కంపెనీ డాక్టరు గారి తృప్తి కోసం. "ఈ జబ్బుకి ఇంట్లోనే వైద్యం చేయవచ్చు కదా?" అని ఆయన అప్పటికే రెండు క్వెరీలు పెట్టారు. సంజయుడు కనీసం యుద్ధాన్ని చూసి చెప్పాడు. ఈయనకి ఆ అవసరం కూడా లేదు.

ఇంతటి ప్రతిభని ఆసుపత్రులకే పరిమితం చేయడం అన్యాయం. గోదావరి వరదలు కూడా వీరికే అప్పగించాలి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు. మొదటి ప్రమాద హెచ్చరిక. లంకలో మనిషి పడవ అడుగుతాడు. "ఈ దశలో పడవ అవసరమని తేలలేదు. అరుగెక్కి నిలబడితే సరిపోతుంది." 13.75. రెండోది. "నీళ్లు మోకాలిదాకా అని రాశారు. కుడి మోకాలా, ఎడమ మోకాలా? ఫొటో జతచేయండి." 17.75. మూడోది. మనిషి కొబ్బరిచెట్టెక్కి ఫోన్ చేస్తాడు. "1986లోనూ మీ ఊరు మునిగినట్టు మా విచారణలో తేలింది. పాలసీ తీసుకునేటప్పుడు చెప్పలేదేం? మునగడం మీకు పాత జబ్బు. మూడేళ్లు ఆగాలి." తీరా పడవ వచ్చాక, 24 గంటలు దిగకుండా అందులోనే కూర్చోవాలి. ముందే గట్టెక్కితే చెల్లదు. తెడ్డు, తాడు కన్స్యూమబుల్స్, అంటే వాడి పారేసే సామాను కింద కోత.

నవ్వుకున్నారా? మా డిశ్చార్జి బిల్లు పొద్దున్న తొమ్మిదికి వెళ్లింది. అప్రూవల్ రాత్రి ఏడున్నరకి వచ్చింది. 2024 మే నెలలో ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మూడు గంటల్లో తేల్చాలి, ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే, అదీ వాటాదారుల సొమ్ములోంచి భరించాలి. ఆ మాటంటే కౌంటర్లో అమ్మాయి నన్ను జాలిగా చూసింది.

ఏళ్ల తరబడి ఈ ఊరి ఊపిరితిత్తులు వింటున్న మనిషికి, ఒక ముసలాయన చేతి నుంచి సూది తీయించే అధికారం లేదా? ఆ చేయి ఎవరిది? ప్రీమియం ఒక్క రోజు ఆలస్యమైతే మెసేజ్ మీద మెసేజ్ కొట్టేవాళ్లకి, వైద్యం తెలిసినవాడిని గుమస్తాని చేసి సంజాయిషీలు రాయించుకోవడానికి సిగ్గనిపించదా?

నాలుగో రోజు పెదనాన్న చేయి వాచింది. నర్సమ్మ సూది రెండో చేతికి మార్చింది. అందుకు ఆమె తొడుక్కున్న గ్లౌజుల డబ్బు కంపెనీ కోసేసింది. మేమే కట్టాం.